మూడు చక్రాల అపరిగ్రహం

పొయ్యి మీద చోడి అంబలి కుతకుతలాడుతోంది. సన్యాసమ్మ తెడ్డు ఆపకుండా తిప్పుతోంది. చోడిపిండితో, అంటే రాగిపిండితో, వ్యవహారం అలాంటిది. క్షణం ఏమరుపాటుగా ఉంటే ఉండ కట్టేస్తుంది. ఆమె కళ్లు గిన్నె మీద ఉన్నాయి గానీ చెవులు మాత్రం గడప దగ్గర కూర్చున్న మొగుడి మీద ఉన్నాయి.

"యమ, నియమ, ఆసన, ప్రాణాయామ..." అంటూ వచ్చి అప్పన్న ఆగిపోయాడు. అతని ఒళ్లో ఎవరిదో కుక్కరు మూత ఉంది. దాని రబ్బరు ఊడదీస్తూ ఇంటి కప్పు వైపు చూశాడు. కప్పు మీద ఏమీ రాసి లేదు.

"ప్రత్యాహార," అని అందించింది సన్యాసమ్మ.

"అదే. అక్కడికొచ్చేసరికి బుర్ర ఖాళీ అయిపోతంది."

మూలన మంచం మీద వక్క కొరుకుతున్న ఎరకమ్మ కొడుకు వైపు తిరిగింది. "ఖాళీ అయితే మంచిదే కదరా. ఆ ఆఫీసోలు ఖాళీ సేసుకోమనే కదా సెప్తన్నారు. నీ పెళ్లిలో పంతులు కూడా ఇన్ని మంత్రాలు సదవనేదు."

"మంత్రాలు కావమ్మా. పదాలు. ఇయ్యి వస్తేనే బండి ఇత్తారంట."

"బండికి బ్యాటరీ ఉంటాది, బ్రేకు ఉంటాది. ఈ పెత్యాహారం ఏ మూల బిగిత్తారు?"

అప్పన్న మళ్లీ యమ దగ్గర మొదలుపెట్టాడు. సన్యాసమ్మ తెడ్డు కూడా అతని మాటల వరసలోనే తిరుగుతోంది. ప్రత్యాహార దగ్గర అతను తడబడినప్పుడల్లా ఆమె చెయ్యి కూడా ఆగి, అంబలి అడుగంటబోతోంది.

అప్పన్నకు రెండు కాళ్లూ చిన్నప్పుడే పోలియోతో చచ్చుబడ్డాయి. ఇంట్లో తిరగాలంటే రెండు చేతులకీ హవాయి చెప్పులు తొడుక్కుని, వాటి మీద ఆనుకుంటూ ఒళ్లు ముందుకు జరుపుకుంటాడు. ఆ చేతులే అతనికి అన్నం పెట్టాయి. సంత జంక్షన్‌లో కిరాణా కొట్టు అరుగు మీద కూర్చుని కుక్కర్లు, గ్యాసు పొయ్యిలు బాగుచేస్తాడు. తురాయివలస చుట్టుపక్కల ఏ ఇంట్లో కుక్కరు కూత మానేసినా అప్పన్న దగ్గరికే వస్తుంది.

ఇన్నాళ్లూ పక్కింటివాళ్ల ఆటోలో వెళ్లేవాడు. వాళ్లు ఆటో అమ్మేసి వలస పోయారు. అప్పటినుంచి సన్యాసమ్మే సైకిలు వెనక క్యారియరు మీద గోనె మడిచి పరిచి, మొగుణ్ని కూర్చోబెట్టి, సైకిలు నడిపించుకుంటూ జంక్షన్‌కి తీసుకెళుతోంది. అక్కడ దించి తను జీడిపప్పు ఫ్యాక్టరీకి పరుగెత్తేసరికి గేటు వేసేస్తున్నారు. సూపర్‌వైజరు ఇప్పటికే చెప్పాడు, ఇలాగైతే ఇంకొకరిని చూసుకుంటామని. కొట్టు శెట్టి కూడా చెప్పాడు. "అప్పన్నా, ఆడోళ్లు పొద్దున్నే కుక్కర్లట్టుకొచ్చి నువ్వు నేవని తిరిగెల్లిపోతన్నారు. దీపావళి దాకా సూత్తాను. అప్పటికీ ఏళకి రాకపోతే ఆ సెల్లు కవర్లు అమ్మే కుర్రోడికి అరుగు ఇచ్చేత్తాను." ఆ కుర్రాడు రోజూ ఎదురుగా వేపచెట్టు కింద స్టాండు పట్టుకుని నిలబడి, అరుగు వైపే చూస్తుంటాడు.

బ్యాటరీతో నడిచే మూడు చక్రాల బండి వస్తే ఇద్దరి పనీ నిలుస్తుంది. రాకపోతే ఎవరో ఒకరి పని పోవాలి. ఎవరిదన్న మాట ఆ ఇంట్లో ఇంకా ఎవరూ ఎత్తలేదు.

బండ్లు లేక కాదు. ఉపకరణాల పంపిణీ శాఖ వారి ఆవరణలో వరసగా నిలబెట్టే ఉన్నాయి. సీట్ల మీద ప్లాస్టిక్ తొడుగులు కూడా తియ్యలేదు. ఒక బండి చక్రానికి కాకరతీగ పాకింది. ఇంకోదాని బుట్టలో పిల్లి ఈనింది.

అవి కదలకపోవడానికి కారణం సహాయ సంచాలకులు పరాంకుశం గారి మనస్తాపం. ఆ ఏడాదిని ప్రభుత్వం యోగ సంవత్సరంగా ప్రకటించింది. ప్రతి శాఖా తన పరిధిలోని ప్రజల చేత ఆసనాలు వేయించి లెక్క చూపాలని ఉత్తర్వు వచ్చింది. చేపల శాఖ వాళ్లు రేవులో జాలర్లందరి చేతా మత్స్యాసనం వేయించి ఫొటోలు పంపారు. చెట్ల శాఖ వాళ్లు వృక్షాసనం వేయించారు. జిల్లా సమీక్షలో తెర మీద అన్ని శాఖల పక్కనా అంకెలు వెలిగాయి. ఉపకరణాల పంపిణీ శాఖ పక్కన సున్నా వెలిగింది. కాళ్లు లేనివాళ్ల చేతా, చూపు లేనివాళ్ల చేతా ఏం వేయిస్తామని పరాంకుశం గారు విన్నవించుకున్నారు. పై అధికారి సున్నా వైపు చూశారు గానీ ఆయన వైపు చూడలేదు.

పరాంకుశం గారు ఇంటికి వెళ్లి భోజనం మానేశారు. మర్నాడు స్నానం చేస్తుండగా ఆయనకు ఒక వాక్యం తట్టింది. తడి తువ్వాలుతోనే బయటికి వచ్చి, దాన్ని డ్రైవరు చేత రాయించారని ఆఫీసులో చెప్పుకుంటారు. "ఆసనానికి అవయవాలు కావలెను. అవగాహనకు అవయవములెందుకు?"

ఆ వారంలోనే ఉత్తర్వు గోడకెక్కింది. ఉపకరణము కోరు ప్రతి అర్జీదారుడును యోగమునందలి మౌలిక భావనలు మరియు పరిభాషపై కనీస అవగాహన కలిగియున్నట్లు ధ్రువీకరణ పొందిన తదుపరి మాత్రమే సదరు అర్జీ పరిశీలనార్హమగును.

పరీక్ష రోజు సన్యాసమ్మ ఫ్యాక్టరీ మానేసింది. పరీక్ష మేడ మీద. కింది హాలు నిండా పై నుంచి వచ్చిన యోగా చాపలు కట్టలు కట్టలుగా పడి ఉన్నాయి. హాలు చాలక మిగిలిన కట్టల్ని చక్రాల కుర్చీల కోసం కట్టిన ఏటవాలు దారి మీద పేర్చారు. సన్యాసమ్మ మొగుణ్ని వీపు మీద ఎక్కించుకుని మెట్లెక్కింది. ఎక్కుతున్నంతసేపూ అతను ఆమె చెవిలో యమ, నియమ అని గొణుగుతూనే ఉన్నాడు. ఆ ఆఖరి మెట్టు మీద ఆమెకు ప్రాణాయామం అంటే ఏమిటో ఎవరూ చెప్పకుండానే తెలిసింది.

పెద్ద బల్ల వెనక పరాంకుశం గారు కూర్చున్నారు. పక్కన కాంట్రాక్టు మీద పనిచేసే యోగ సమన్వయకర్త హరిణి ల్యాప్‌టాప్ తెరిచి కూర్చుంది. పాతికేళ్లుండవు ఆ అమ్మాయికి.

"పేరు?" అన్నారు పరాంకుశం గారు.

"అప్పన్న సార్."

"వెంట వచ్చినవారు?"

"నా ఇంటిది సార్. సన్యాసమ్మ."

పరాంకుశం గారి ముఖం వెలిగింది. "చూశావా హరిణీ, క్షేత్రస్థాయిలో పేర్లలోనే వైరాగ్యం ఉంది. మనం చేయవలసిందల్లా దానిని వెలికితీయడమే." తర్వాత గొంతు సవరించుకున్నారు. "ఆసనం అనగా?"

"కదలకుండా, ఇబ్బంది నేకుండా కూకోడం సార్. పుట్టినకాడ్నుంచీ అదే సేస్తన్నాను."

హరిణి తల వంచి ల్యాప్‌టాప్‌లో ఏదో వెతుక్కుంది.

"ప్రాణాయామం?"

"గాలి లోపలికి తీసుకోడం, ఆపడం, ఒదలడం సార్. కుక్కరు లాగ. ఆపడం ఎక్కువైపోతే పేల్తాది."

"ఈ ఉపమానం మీ సొంతమేనా?"

"కుక్కర్లు మాత్రం ఊరోళ్లవి సార్."

"బాగున్నది. ప్రత్యాహారం?"

గోడ పక్కన నిలబడ్డ సన్యాసమ్మ పెదవులు కదిలాయి. అప్పన్న కప్పు వైపు చూడలేదు. నేరుగా పరాంకుశం గారినే చూశాడు.

"కళ్లు, సెవులు బయటోటి మీదకి పోకుండా ఎనక్కి లాక్కోడం సార్."

"ఉదాహరణ?"

"మొన్న కింద కిటికీ కాడకొచ్చి శానాసేపు పిలిసాం సార్. లోపల కూకున్నాయన తలెత్తనేదు. ఆయనకి ఈగ కూడా కనపడనేదు. ముక్కు మీదే వాలింది."

పరాంకుశం గారు కోప్పడలేదు. ఆయన కళ్లలో తృప్తి కనిపించింది. "మన సిబ్బంది అప్పుడే ఆ స్థాయికి చేరుకున్నారన్నమాట. హరిణీ, ఇది నివేదికలో చేర్చు." తర్వాత కుర్చీలో ముందుకు జరిగారు. "యమములలో కడపటిది?"

"అపరిగ్రహం సార్."

"అనగా?"

"కావాలి, కావాలి అని ఎంటపడకపోడం. ఉన్నదాంతో సర్దుకోడం."

"భేష్. మాకు ఇంత స్పష్టంగా చెప్పినవారు ఇప్పటివరకు లేరు. ఇప్పుడు చెప్పండి, మీరు ఇచ్చటికి ఏ నిమిత్తం విచ్చేశారు?"

"బండి కోసం సార్."

పరాంకుశం గారు కలం మూత పెట్టేశారు. ఆ ముఖంలో నిజమైన బాధే ఉంది.

"పదం వచ్చినది. భావన రాలేదు," అన్నారాయన.

అప్పన్నకు విషయం అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. "అయితే బండి ఒద్దంటే పాసవుతానా సార్?"

"హృదయపూర్వకంగా వద్దంటే."

"పాసైతే బండి ఇత్తారా?"

"వద్దన్నవారికి బలవంతాన ఎట్లా ఇస్తామయ్యా? వారి సాధనను భంగపరచినట్లు కాదా?"

సన్యాసమ్మ మళ్లీ వంగి మొగుణ్ని వీపుకెత్తుకుంది. మెట్లు ఎక్కడం కంటే దిగడం కష్టం. వీపు మీద మనిషి ముందుకు తూలుతుంటాడు. అతను ఈసారి ఏమీ గొణగడం లేదు.

ఫెయిలైనవాళ్లకు పునశ్చరణ తరగతులు పెట్టారు. సన్యాసమ్మ సగం పూట సెలవు పెట్టి మొగుణ్ని తీసుకెళ్లేది, వెనక కూర్చుని చూసేది. ఆమెకు చూడడం అలవాటు. ఫ్యాక్టరీలో జీడిపప్పు పొట్టు తీసేటప్పుడు కూడా అంతే, చేతులు పని చేస్తుంటే ఆమె చుట్టూ ఉన్నవాళ్లను చూస్తుండేది.

చెవి మిషను కోసం వచ్చిన ఒక ముసలాయన పరీక్షలో ఏ ప్రశ్నకూ జవాబు చెప్పలేదు. ప్రశ్న వినపడితే కదా. ఫెయిలనుకుని ఆయన కోడలు కళ్లొత్తుకుంటుంటే, పరాంకుశం గారు లేచి వచ్చి ముసలాయనకు నమస్కారం పెట్టారు. శబ్దప్రపంచం నుంచి ఆయన ఇంద్రియం పూర్తిగా వెనుకకు మరలి ఉందనీ, మిషను పెట్టినచో ఆ ఉన్నతస్థాయి నుంచి పతనమగుననీ చెప్పారు. ముసలాయన కూడా నవ్వి నమస్కారం పెట్టాడు. మిషను మంజూరైందనుకున్నాడు పాపం.

చంకకర్రల కోసం వచ్చిన ఒకామె తెలివైనది. చక్కగా అపరిగ్రహం అప్పజెప్పి, నాకేమీ వద్దు సార్ అని కళ్లు మూసుకుంది. అక్కడికక్కడే పాసైంది. ప్లాస్టిక్ అతికించిన ధ్రువపత్రం చేతికిచ్చి చప్పట్లు కొట్టారు. ఆమె ఆ పత్రం పట్టుకుని పంపిణీ గదికి వెళ్లింది. అక్కడి గుమాస్తా దాన్ని చదివి, "మీకేం వద్దని ఉందిగదమ్మా," అని తలుపు దగ్గరికి వేశాడు. ఆమె పాత చంకకర్రకి కట్టిన గుడ్డ ఊడి మెట్ల మీద జీరాడుతూ పోయింది.

తరవాత జిల్లా సమీక్షలో తెర మీద ఉపకరణాల పంపిణీ శాఖ అన్నిటికంటే పైన వెలిగింది. అర్జీలు తగ్గాయి. సంతృప్తి పెరిగింది. కొన్న ఉపకరణాలు అరగకుండా, విరగకుండా కొత్తవి కొత్తవిగానే ఉన్నాయి. మిగతా శాఖలవాళ్లకు కంటిమీద కునుకు లేకుండా పోయింది. నెల తిరక్కుండానే నీళ్ల శాఖ వాళ్లు కుళాయి కావాలన్న వీధికి సంతోషం అనే నియమం మీద తరగతి పెట్టారు. కరెంటు వాళ్లు దీపం ఆర్పి చీకట్లో ధారణ నేర్పారు. రోడ్ల శాఖ వాళ్లు గుంతల్లో పడ్డవాళ్లను లేవదీయకుండా శవాసనంలోని సూక్ష్మాలు వివరించారు. ఎక్కడ చూసినా జనానికి పదాలు వస్తున్నాయి. పనులు మాత్రం రావడం లేదు.

దీపావళి దగ్గరపడింది. శెట్టి అరుగు మీద సెల్లు కవర్ల కుర్రాడు అప్పుడే ఒక మేకు కొట్టుకున్నాడు. అది తన మేకేనని ఎవరితోనూ అనలేదు గానీ తియ్యలేదు కూడా.

ఆ రోజు సన్యాసమ్మ మొగుణ్ని జంక్షన్‌లో దించి, ఫ్యాక్టరీ వైపు కాకుండా ఆఫీసు వైపు నడిచింది. పరాంకుశం గారు ఆవరణలో బండ్ల వరస ముందు నిలబడి ఉన్నారు. కాకరతీగ ఈపాటికి హ్యాండిలు దాకా పాకి, ఒక పిందె కూడా వేసింది.

"చూశావా హరిణీ, ఎవరూ కోరని వస్తువును ప్రకృతి ఎంత ప్రేమగా కౌగిలించుకుంటున్నదో."

"బ్యాటరీలు పాడైపోతాయి సార్, ఛార్జింగ్ పెట్టకపోతే," అంది హరిణి.

సన్యాసమ్మ కొంగు నడుముకు చుట్టుకుని దగ్గరికి వెళ్లింది. "సార్, మాయాయన బండి ఒద్దంటాడు. మీరెన్నిసార్లు అనమంటే అన్నిసార్లంటాడు. కానీ నాకో అనుమానం సార్."

"అడుగమ్మా. సందేహమే జ్ఞానమునకు ద్వారము."

"సేతిలో నేని బండిని ఒద్దంటే అది ఏం గొప్ప సార్? కంచం నిండా అన్నమెట్టుకుని, ఆకలేస్తన్నా తినకుండా లేసిపోతే దాన్ని మెచ్చుకోవచ్చు. కంచమే నేనోడు నాను తినను అంటే ఎవులు నమ్ముతారు?"

ఆమె ఎత్తిపొడవడానికి అనలేదు. నిజంగానే ఆమెను ఆ అనుమానం కొన్నాళ్లుగా తినేస్తోంది. కానీ పరాంకుశం గారు ఆ మాట వినగానే బండి సీటు పట్టుకుని నిలదొక్కుకున్నారు. ప్లాస్టిక్ తొడుగు కరకరలాడింది.

"హరిణీ," అన్నారు నెమ్మదిగా. "ఇన్నాళ్లూ మనం చేయించినది అభావత్యాగం. అనగా సిద్ధాంతం మాత్రమే. ప్రయోగాత్మక దశ మన దృష్టికి రానేలేదు. రేపు పై సమీక్షలో ఎవరైనా ఈ ప్రశ్న లేవనెత్తితే?"

"ఏం చేద్దామంటారు సార్?"

"బండి ఇద్దాం. ముందు ఇద్దాం. లబ్ధిదారునికి మమకారం కలగాలి. మమకారం పక్వమైన పిమ్మట వారి స్వగృహమునందే, కెమెరా ఎదుట, అతడు 'వద్దు' అను ఒక్క పదము పలికి బండిని శాఖకు తిరిగి సమర్పించాలి. రాష్ట్రంలోనే ప్రథమం."

"మమకారానికి ఎన్నాళ్లు ఇద్దాం సార్?"

"వారం చాలును."

హరిణి చేతిలో ఉన్న ల్యాప్‌టాప్ మీద చూపు నిలిపింది. "వారంలో కలిగేది ఆకర్షణే సార్. మమకారానికి నెలైనా పట్టొచ్చు."

పరాంకుశం గారు ఆలోచించారు. ఆ అమ్మాయి యోగాలో డిప్లొమా చదివింది. "పక్షం," అన్నారు చివరికి, బేరం తెంచినట్టు.

కాకరతీగ కోసేసి బండి ఇంటికి తెచ్చారు. బ్యాటరీ చచ్చి ఉంది. అప్పన్న ఒక పూటంతా దాంతో కుస్తీ పట్టి ఛార్జింగు ఎక్కించాడు. ఆ మర్నాడు పొద్దున బండి మీద కూర్చుని, చేతులకున్న హవాయి చెప్పులు తీసి ముందు బుట్టలో పెట్టుకుని జంక్షన్‌కి వెళ్లాడు. సన్యాసమ్మ గేటు మూయకముందే ఫ్యాక్టరీలో ఉంది. సూపర్‌వైజరు వాచీ చూసుకుని, మళ్లీ ఆమెను చూసి, తన పని మీద పోయాడు.

మూడో నాటికి సెల్లు కవర్ల కుర్రాడు తన మేకు తను పీక్కున్నాడు. కానీ వేపచెట్టు కిందనుంచి మాత్రం కదల్లేదు. పక్షం సంగతి జంక్షన్‌లో అందరికీ తెలుసు.

ఒక సాయంత్రం అప్పన్న ఇంటికి ఆలస్యంగా వచ్చాడు. సన్యాసమ్మ వీధిలోనే నిలబడి ఉంది.

"ఏటి మావా, బండి ఆగిపోనాదా?"

"నేదు. కాలవ గట్టు మీదుగా వచ్చాను."

"అటు చుట్టు కదా. అటేటి పని?"

"పనేటి నేదు," అన్నాడతను. చేతులకి చెప్పులు తొడుక్కుంటూ, "పని నేకుండా ఎప్పుడూ ఎక్కడికీ ఎల్లనేదు కదా. ఒకల్ని అడక్కుండా," అన్నాడు.

అతను అన్నం తింటున్నంతసేపూ సన్యాసమ్మ అతని ముఖమే చూస్తూ కూర్చుంది. ఇన్నేళ్లలో అతను ఎక్కడికి వెళ్లినా ఎవరి వీపు మీదో, ఎవరి సైకిలు మీదో, ఎవరికి వీలున్నప్పుడో వెళ్లాడు. ఆ మాట ఆమెకు ఆ రోజు దాకా తట్టనే లేదు.

హరిణి దగ్గరనుంచి రోజూ ఫోను వచ్చేది.

"మమకారం కలిగిందా అండీ?"

"కలుగుతున్నాదమ్మా," అనేది సన్యాసమ్మ.

"ఎంతవరకూ కలిగిందని రాసుకోమంటారు? తక్కువ, మధ్యస్థం, అధికం?"

పక్కనుంచి ఎరకమ్మ ఫోనులోకి వంగేది. "రేత్తిరి ఆ బండి మీద నా కొత్త దుప్పటి కప్పుతన్నాడని రాసుకో తల్లీ. సలికి ఒణికి సచ్చినప్పుడు నామీద కప్పనేదు ఎదవ."

"అధికం," అనేది హరిణి అవతల.

ఆఫీసువాళ్లు చెప్పినట్టు అప్పన్న సాధన కూడా చేస్తున్నాడు. పొద్దున్నే బండి తుడుస్తూ "వద్దు" అనేవాడు. చక్రాల్లో గాలి చూస్తూ "వద్దు" అనేవాడు. ఆ మాట బాగా వచ్చేసింది. ప్రత్యాహారం దగ్గర పడ్డ తడబాటేదీ దీని దగ్గర లేదు.

"ఆళ్లొచ్చినప్పుడు అలాగే అంటావా?" అని ఒకనాడు అడిగింది సన్యాసమ్మ.

"అనాలి కదే. ఒప్పుకున్నాం కదా." అతను బండి అద్దం తుడిచి, అందులో తనను తను చూసుకుని, మళ్లీ తుడిచాడు.

అనాల్సింది అతను. అన్నాక మళ్లీ సైకిలు నడిపించాల్సింది మాత్రం తను.

పక్షం నిండిన పొద్దున సన్యాసమ్మ పొయ్యి మీద అంబలి తిప్పుతుండగానే ఆఫీసు కారు ఇంటి ముందు ఆగింది. పరాంకుశం గారు దిగారు. కారు ఇంజను ఆపలేదు. తిరిగి ఎక్కేసరికి లోపల చల్లగా ఉండాలి కదా. హరిణి, ఆమె వెనక కెమెరా అతను వచ్చారు. గోడకి బ్యానరు కట్టారు. అప్పన్నకి ఇస్తీ చేసిన తెల్ల చొక్కా ఇచ్చి, ఉన్న చొక్కా మీదే తొడుక్కోమన్నారు. ఇంట్లో ఉన్న ఒక్క ప్లాస్టిక్ కుర్చీలో పరాంకుశం గారు కూర్చున్నారు. బండి పక్కనే పంచలో, ముఖం వీధి వైపు పెట్టి ఉంది. రాత్రంతా ఛార్జింగులో ఉన్న దీపం ఇప్పుడు పచ్చగా వెలుగుతోంది.

ఎరకమ్మ మంచం మీదనుంచి కారు వైపు చూసింది. "ఆ కారు నీదేనా బాబూ?"

"ప్రభుత్వానిదమ్మా. నా స్వంతం కాదు."

"ఎన్నాళ్లయినాది ఎక్కడం?"

"చాలా ఏళ్లుగా."

"మరి మమకారం వచ్చీనాదా?"

కెమెరా అతను నవ్వబోయి లెన్సు తుడుచుకున్నాడు. పరాంకుశం గారు తొణకలేదు. "లేదమ్మా. అది కేవలం విధి నిర్వహణ నిమిత్తం."

"మావోడిదీ అదే కదా బాబూ. కుక్కర్ల నిమిత్తం."

"ఊరుకో అత్తా," అంది సన్యాసమ్మ. అంబలి గ్లాసులో పోసి పరాంకుశం గారి చేతికిచ్చింది. మిగిలింది మొగుడి క్యారేజీలో పోసి మూత బిగించింది.

హరిణి అప్పన్న ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "ఎక్కువేం లేదండీ. సార్ మాట్లాడడం అయ్యాక నేను చెయ్యి ఊపుతాను. మీరు కెమెరా వైపు చూసి ఆ ఒక్క మాట అంటే చాలు. తర్వాత..." ఆ అమ్మాయి పంచలో ఉన్న బండి వైపు ఒకసారి చూసింది. "తర్వాత బండి మావాళ్లు తీసుకెళతారు."

అప్పన్న తల ఊపాడు.

కెమెరాలో ఎర్రదీపం వెలిగింది. పరాంకుశం గారు గ్లాసు పక్కన పెట్టి మొదలుపెట్టారు. "పౌరులారా. కోరికయే దుఃఖమునకు మూలము. ఈ సత్యమును మా శాఖ గ్రంథములయందు గాక క్షేత్రస్థాయిలో నిరూపించుచున్నది. ఇదిగో ఈ సాధకుడు, మా శాఖ వాహనముపై సంపూర్ణ మమకారమును సముపార్జించి, నేడు ఆ మమకారమును తృణప్రాయముగా..."

దూరంగా జీడిపప్పు ఫ్యాక్టరీ మొదటి సైరను కూసింది.

సన్యాసమ్మ ఆ సైరను విని మొగుడి వైపు చూసింది. అతను అప్పటికే ఆమె వైపు చూస్తున్నాడు. ఆమె క్యారేజీ తీసుకుని పంచలోకి వెళ్లి బండి ముందు బుట్టలో పెట్టింది. పక్కనే కుక్కర్ల సామాను సంచి కూడా పెట్టింది. తర్వాత లోపలికి వచ్చి పొయ్యిలో మంట ఆర్పింది.

"...మరియు ఈ త్యాగము ఇతర శాఖలకు ఆదర్శమై, భవిష్యత్తున ప్రతి గృహమునందును..." అంటున్నారు పరాంకుశం గారు. ఆయన కళ్లు మూసుకుని ఉన్నాయి. హరిణి చెయ్యి సగం లేచి గాలిలోనే ఆగింది. తర్వాత ఆ చెయ్యి మెల్లగా కిందికి దిగిపోయింది.

అప్పన్న రెండు చేతులకీ హవాయి చెప్పులు తొడుక్కున్నాడు. టప్, టప్ మంటూ గచ్చు మీద జరిగాడు. దారిలో పరాంకుశం గారి బూట్లు అడ్డొస్తే వాటి చుట్టూ తిరిగి వెళ్లాడు. ఆ చప్పుడుకి ఆయన కళ్లు తెరిచారు.

"ఇంకా లేదయ్యా, నేను పూర్తి చేయలేదు. ముందు ఆ పదము..."

అప్పన్న బండి హ్యాండిలు పట్టుకుని ఒళ్లు పైకి లాక్కుని సీటు మీదికి చేరాడు. తెల్ల చొక్కా విప్పి, మడిచి, అరుగు మీద పెట్టాడు. చెప్పులు తీసి క్యారేజీ పక్కన పెట్టుకున్నాడు.

"అప్పన్న గారూ, ఒక్క మాట," అన్నారు పరాంకుశం గారు కుర్చీలోంచి లేస్తూ. "ఒక్క మాటే కదా."

తాళంచెవి తిరిగింది. బండి పంచ దిగి, ఇంజను ఆపని కారు పక్కనుంచి సందు చేసుకుని వీధిలోకి మళ్లింది. అప్పన్న వెనక్కి చూడలేదు, నోరు విప్పలేదు. జంక్షన్ వైపు వెళ్లిపోయాడు.